కాలేజీ, ఖర్చు, నాన్నగారు ఇస్తానన్న డబ్బు: మూడింటినీ ఒకే కాగితం మీద తూచడం ఎలా?

ర్యాంకులు వెలువడిన వారం నుంచి కౌన్సెలింగ్ ముగిసేదాకా ఒకే ప్రశ్న రకరకాల రూపాల్లో నా దగ్గరకు వస్తూ ఉంటుంది. "హైదరాబాద్‌లో మేనేజ్‌మెంట్ సీటు దొరుకుతోంది, కానీ దగ్గరలో వచ్చిన కన్వీనర్ సీటులో చేరితే నాన్నగారు అయిదు లక్షలు నా పేర వేస్తానంటున్నారు, ఏం చేయమంటారు?" అని ఒకరు అడుగుతారు. (కన్వీనర్ సీటు అంటే ర్యాంకును బట్టి కౌన్సెలింగ్‌లో వచ్చేది, మేనేజ్‌మెంట్ సీటు అంటే ఎక్కువ ఫీజుకు కాలేజీయే ఇచ్చేది.) "ఇంటి నుంచే వెళ్లి వస్తే బండి కొనిస్తారట" అని మరొకరు, "ఇక్కడ బీటెక్ చేస్తే ఎమ్మెస్‌కు అమెరికా పంపిస్తామంటున్నారు" అని ఇంకొకరు రాస్తారు. ఫలానా కాలేజీలో చేరండని నేను ఎవరికీ చెప్పను. తల్లిదండ్రులు ఇస్తానన్నదాన్ని కూడా ఖర్చులో ఒక అంకెగా మార్చి, రెండు సీట్లనూ పక్కపక్కన పెట్టి చూసే పద్ధతి మాత్రం చెబుతాను. ఉదాహరణలు ఇంజినీరింగ్‌వి అయినా ఫార్మసీకి, డిగ్రీకి కూడా ఇదే పద్ధతి పనికొస్తుంది.

కావలసినవి

ఒక పొడవాటి రూళ్ల కాగితం, కాలిక్యులేటర్, రెండు కాలేజీల ఈ ఏటి ఫీజు వివరాలు, హాస్టల్ మెస్ చార్జీలు, కాలేజీ బస్సు ఫీజు, ఇంటి ఆదాయ ధ్రువపత్రం, మీ బ్యాంకు బ్రాంచిలో విద్యారుణంపై ఇప్పుడు తీసుకుంటున్న వడ్డీ రేటు సిద్ధం చేసుకోండి. వీటన్నిటికంటే కష్టంగా దొరికేది, అమ్మా నాన్నా ఇద్దరూ టీవీ కట్టేసి కూర్చునే రెండు గంటల సమయం. నాన్నగారితో ఒక్కరితోనే లెక్క తేల్చేసుకుంటే, చీటీ ఎప్పుడు పాడాలో తెలిసిన అమ్మ మర్నాడు పొద్దున్న ఆ లెక్కంతా తిరగరాయవలసి వస్తుంది.

1. చేతిలో ఉన్న సీట్లనే పోల్చండి.

కాగితాన్ని నిలువుగా రెండు భాగాలు చేసి, ఒకవైపు మీ ర్యాంకుకు వచ్చిన లేదా రావడానికి గట్టి అవకాశం ఉన్న సీటును, రెండోవైపు డబ్బు కట్టి తీసుకోవాలనుకుంటున్న సీటును రాయండి. తెలంగాణ ఎప్‌సెట్‌కైనా, ఆంధ్రప్రదేశ్ ఈఏపీసెట్‌కైనా గత ఏడాది ఏ కాలేజీలో ఏ బ్రాంచి ఏ ర్యాంకు దగ్గర ఆగిపోయిందో ప్రవేశాల వెబ్‌సైట్లో ఉంటుంది. మీ సామాజిక వర్గం, అబ్బాయి లేదా అమ్మాయి అన్న గడి కూడా సరిచూసుకుని ఆ ర్యాంకును చదవండి. కాలేజీ పేరు ఒక్కటే రాస్తే చాలదు, బ్రాంచి కూడా రాయాలి.

2. నాలుగేళ్ల మొత్తం ఖర్చు వేయండి.

ఒక ఇంటి లెక్క చూద్దాం. అంకెలు గుండ్రంగా వేసుకున్నవే. ఖమ్మం జిల్లాలో ఎరువుల దుకాణం నడిపే తండ్రి, ఇంటర్ పూర్తి చేసిన కూతురు. బస్సులో గంట దూరంలో ఉన్న కాలేజీలో ఈసీఈ (ఎలక్ట్రానిక్స్) కన్వీనర్ సీటుకు ఏటా ఫీజు 80,000, బస్సుకు 20,000, పుస్తకాలు, పరీక్ష ఫీజులు, చేతి ఖర్చు 15,000. ఏడాదికి 1,15,000, నాలుగేళ్లకు 4.6 లక్షలు. హైదరాబాద్‌లో సీఎస్ఈ (కంప్యూటర్ సైన్స్) మేనేజ్‌మెంట్ సీటుకు ఫీజు 2,40,000, హాస్టల్ 1,10,000, మిగతా ఖర్చులు 30,000. ఏడాదికి 3.8 లక్షలు, నాలుగేళ్లకు 15.2 లక్షలు. తేడా 10.6 లక్షలు.

ఫీజు తేడా ఒక్కటే చూసుకుని "ఏడాదికి లక్షా అరవై వేలే కదా" అనుకునేవారు చాలామంది. హాస్టల్, ప్రయాణాలు, లాప్‌టాప్, పండగకు ఇంటికి వచ్చే చార్జీలు కలిపితే కథ మారుతుంది. డీమ్డ్, ప్రైవేటు విశ్వవిద్యాలయాల్లో అయితే ఫీజు ఏటా పెరిగే నిబంధన ఉందేమో ప్రవేశ పత్రంలో వెతికి, ఉంటే నాలుగు సంవత్సరాలకూ నాలుగు వేర్వేరు అంకెలు వేయండి.

హెచ్చరిక: రశీదు ఇవ్వని డబ్బును ఈ కాగితం మీద ఎర్ర సిరాతో రాయండి. సీటు ఇవ్వడానికి అసలు ఫీజు పైన వసూలు చేసే క్యాపిటేషన్ ఫీజును నిషేధిస్తూ ఉమ్మడి రాష్ట్రంలో 1983లోనే చట్టం వచ్చింది. చట్టం సంగతి అటుంచి, రశీదు లేని డబ్బుకు బ్యాంకు అప్పు ఇవ్వదు, సీటు వదులుకుంటే అది తిరిగి రాదు. మధ్యవర్తి "సీటు బ్లాక్ చేస్తాను, టోకెన్ అడ్వాన్సు ఇవ్వండి" అన్నప్పుడు రశీదు ఏ పేరుతో వస్తుందని అడిగితే సగం సంగతి అక్కడే తేలిపోతుంది.

3. తగ్గేవి తగ్గించండి, కానీ ఆలస్యాన్ని కూడా లెక్కలో వేయండి.

విద్యార్థి ఫీజును ప్రభుత్వం చెల్లించే ఫీజు రీయింబర్స్‌మెంట్ కన్వీనర్ కోటా సీటుకే వర్తిస్తుంది, మేనేజ్‌మెంట్ కోటాకు వర్తించదు. తెలంగాణలో ఆదాయ పరిమితికి లోబడిన బీసీ, ఈబీసీ విద్యార్థులకు 10,000 లోపు ర్యాంకు ఉంటే మొత్తం ఫీజు, ఆపై ర్యాంకులకు ఏటా 35,000 వరకు ఇచ్చే పద్ధతి చాలా ఏళ్లుగా ఉంది. రెండు రాష్ట్రాల్లోనూ 75 శాతం హాజరు ఉండాలి. ప్రభుత్వం నుంచి డబ్బు ఆలస్యమైన ఏడాది కాలేజీలు విద్యార్థినే ముందు కట్టమనడం, కోర్సు ముగిశాక బకాయి తీరితేనే సర్టిఫికెట్లు ఇస్తామనడం మీరూ వినే ఉంటారు. అందువల్ల రీయింబర్స్‌మెంట్ వచ్చే ఇళ్లు కూడా కనీసం ఒక ఏడాది ఫీజును విడిగా పక్కన పెట్టుకుని లెక్క వేయడం మంచిది.

జాతీయ ప్రవేశ పరీక్ష జేఈఈ ద్వారా కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎన్ఐటీలో సీటు వచ్చినా "అంత ఫీజు మనవల్ల కాదు" అని వదిలేసే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. అక్కడ ట్యూషన్ ఫీజు ఏటా 1.25 లక్షలు. ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగ విద్యార్థులకు, ఇంటి ఆదాయం లక్ష లోపు ఉన్నవారికి అది పూర్తిగా మాఫీ అవుతుంది. లక్ష నుంచి అయిదు లక్షల ఆదాయం ఉన్నవారు మూడో వంతు కడితే చాలు. ఐఐటీల్లోనూ ఇదే తరహా మాఫీ ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని ప్రైవేటు విశ్వవిద్యాలయాల్లో 35 శాతం సీట్లు ఈఏపీసెట్ కన్వీనర్ కోటాలో భర్తీ అవుతాయి. మేనేజ్‌మెంట్ సీటు గురించి ఆలోచించే ముందు ఈ దారులు మూసుకుపోయాయా అని చూసుకోండి.

4. డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో ప్రతి రూపాయి పక్కనా రాయండి.

మన ఉదాహరణ ఇంట్లో చదువుకోసం దాచినది 6 లక్షలు. దగ్గరి కాలేజీ అయితే 4.6 లక్షలు పోగా 1.4 లక్షలు మిగులుతాయి, అప్పు అవసరం లేదు. హైదరాబాద్ సీటుకు ఏటా 1.5 లక్షలు పొదుపు నుంచి పోతే, మిగిలిన 2.3 లక్షలు ఏటా అప్పు చేయాలి. పది శాతం వడ్డీ అనుకుందాం. విద్యారుణంలో సాధారణంగా కోర్సు, ఆపై ఒక ఏడాది వరకు వాయిదా కట్టనక్కరలేదు కానీ వడ్డీ మాత్రం నడుస్తూనే ఉంటుంది. మొదటి ఏడు తీసుకున్న దానికి అయిదేళ్లు, తర్వాతి వాటికి నాలుగు, మూడు, రెండేళ్లు చొప్పున బారువడ్డీ వేస్తే 3.22 లక్షలు అవుతుంది. అసలు 9.2 లక్షలతో కలిపి 12.42 లక్షలు. పదేళ్లలో తీర్చాలంటే నెలకు సుమారు 16,400 వాయిదా.

మీ ఇంటి లెక్కకు గుర్తు పెట్టుకోవలసిన అంకె ఒకటి ఉంది: పది శాతం వడ్డీతో పదేళ్లకు, ప్రతి లక్షకు నెలవాయిదా దాదాపు 1,320.

సాధారణ విద్యారుణ పథకంలో 4 లక్షల వరకు హామీ అడగరు. 7.5 లక్షల దాకా మూడో వ్యక్తి పూచీకత్తు, అది దాటితే ఇల్లో పొలమో తనఖా అడుగుతారు. 2024 నవంబరులో ఆమోదం పొందిన పీఎం విద్యాలక్ష్మి పథకంలో ఎంపిక చేసిన ఉన్నత శ్రేణి సంస్థలకు తనఖా, పూచీకత్తు లేకుండా రుణం ఇస్తారు. ఇంటి ఆదాయం 8 లక్షల లోపు ఉంటే 10 లక్షల వరకు రుణంపై, వాయిదాలు మొదలయ్యేదాకా వడ్డీ రేటులో 3 శాతం రాయితీ ఉంటుంది (రేటు 10 అయితే 7 పడినట్టు). మీ కాలేజీ ఆ జాబితాలో ఉందా అన్నదే ముందు చూడాలి. మేనేజ్‌మెంట్ కోటా సీటుకు బ్యాంకుల నిబంధనలు వేరుగా ఉండవచ్చు కనుక "లోన్ వస్తుందిలే" అన్న మాటను బ్రాంచి మేనేజరు నోట విన్న తర్వాతే కాగితం మీద రాయండి.

ఊళ్లో తెచ్చే రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం అని రాసుకోండి. పొలం అమ్మే మాట వస్తే, ఆ ఎకరం మీద ఏటా వచ్చే కౌలు ఎంత పోతుందో కూడా ఖర్చు కిందే వేయండి.

5. ఇస్తానన్నదాన్ని అంకెగా మార్చండి.

ఎక్కువమంది తడబడేది ఇక్కడే. తల్లిదండ్రులు చూపించే ఆశ ఎన్నో రూపాల్లో ఉంటుంది. తేడా డబ్బు నీ పేర వేస్తామనడం ఒకటి. బండి, ఫోను వంటి వస్తువు ఇంకొకటి. తర్వాత పైచదువుకు పంపిస్తామన్న మాట మరొకటి. ఎదురు దిశలో, చుట్టాల్లో పేరు కోసం ఖరీదైన కాలేజీలోనే చేరమని ఊరించేవారూ ఉన్నారు. ఏ రూపమైనా దాన్ని నాలుగు ప్రశ్నలతో వడకట్టాలి: ఎంత, ఎప్పుడు, ఎవరి పేర, ఏ షరతు మీద?

పై ఇంట్లో కూడా దగ్గరి కాలేజీలో చేరితే అయిదు లక్షలు కూతురి పేర వేస్తానని తండ్రి అన్నాడని, ముగ్గురూ కూర్చున్న సాయంత్రం మాటలు ఇలా సాగాయని అనుకోండి.

"నాన్నా, ఆ అయిదు లక్షలు ఇప్పుడు మన దగ్గర ఉన్నాయా?"

"ఇప్పుడెక్కడున్నాయమ్మా, చీటీ వస్తే వేస్తాను."

"చీటీ ఇంకెన్నాళ్లుంది?"

"పద్దెనిమిది నెలలు," అంది వంటింట్లోంచి అమ్మ.

ఈ నాలుగు మాటల్లో రెండు కొత్త సంగతులు బయటపడ్డాయి. మొదటిది, ఆ డబ్బు ఇంకా చేతికి రాలేదు. దుకాణం సజావుగా నడిచి, నెలనెలా చీటీ కడితేనే వస్తుంది. రెండోది ఇంకా ముఖ్యం. చీటీ డబ్బు నిజంగా వచ్చేదే అయితే అది కాగితానికి రెండువైపులా ఉండాలి. దగ్గరి కాలేజీ పక్కన కానుకగా రాసి, హైదరాబాద్ సీటు పక్కన మరచిపోతే తప్పుడు లెక్క అవుతుంది. పద్దెనిమిది నెలలకు అయిదు లక్షలు వస్తే హైదరాబాద్ సీటుకు మొదటి రెండేళ్లు మాత్రమే అప్పు కావాలి. అది 4.6 లక్షలు. వడ్డీ 2.07 లక్షలు కలిపితే 6.67 లక్షలు. నెలవాయిదా 16,400 నుంచి సుమారు 8,800కు దిగింది, తనఖా అవసరమూ తప్పింది. అదే 4.6 లక్షలు ఊళ్లో రెండు రూపాయలకు తెస్తే వడ్డీ ఒక్కటే నెలకు 9,200, అందులో అసలు ఒక్క రూపాయి కూడా తీరదు.

ఇప్పుడు రెండు వరుసలూ న్యాయంగా నిలబడ్డాయి. ఒకవైపు ఈసీఈ, అప్పు లేదు, చదువు ముగిసేసరికి చేతిలో ఆరు లక్షల పైచిలుకు. రెండోవైపు సీఎస్ఈ, చేతిలో 40 వేలు, పదేళ్లపాటు నెలకు 8,800. ఇక్కడి నుంచి మాట్లాడుకుంటే గొడవ సగం తగ్గుతుంది.

వస్తువు ఇస్తామంటే దాని ధరను నాలుగేళ్లకు పంచండి. లక్ష రూపాయల స్కూటీ అంటే ఏడాదికి 25 వేలు. దాంతోపాటు పెట్రోలు, బీమా కొత్త ఖర్చులుగా వస్తాయి. నాకు మా నాన్నగారు బండి ఆశ చూపించారు. ఇంటి దగ్గరి కాలేజీలో చేరాను, బండి వచ్చింది. మూడో ఏడు చివర దాన్ని అమ్మి, ఆ డబ్బుతో హైదరాబాద్‌లో కోచింగ్ ఫీజు కట్టాను. కాలేజీ తప్పు అని నేను అనను. బండికి కాలేజీ సంగతితో ఏ సంబంధమూ లేదని ఆ రోజు గ్రహించలేదు, అంతే.

పైచదువుకు పంపుతామన్న మాటకు విలువ కట్టడం అన్నిటికంటే కష్టం. నాలుగేళ్ల తర్వాత డాలరు ధర, వీసా, చెల్లెలి పెళ్లి, నాన్నగారి ఆరోగ్యం ఎలా ఉంటాయో ఎవరూ చెప్పలేరు. విడిగా ఒక ఖాతా తెరిచి ఏటా వేస్తామంటే ఆ వేసే మొత్తం రాసుకోండి. ఏటా మొదట్లో లక్ష చొప్పున వేస్తే ఏడు శాతం వడ్డీతో నాలుగేళ్లకు సుమారు 4.75 లక్షలు అవుతుంది. ఖాతా లేని మాటకు కాగితం మీద సున్నా వేయండి. అది పెద్దవాళ్లను శంకించడం అనుకోవద్దు, వాళ్లు నిజంగానే పంపితే అది అదనపు లాభం అవుతుంది.

ఆశ వెనక ఉన్న కారణాన్ని కూడా మర్యాదగా అడిగి తెలుసుకోండి. కొన్ని ఇళ్లలో అసలు కారణం డబ్బు కాదు, ఆడపిల్లను హాస్టల్లో ఉంచాలంటే ఉన్న భయం. అలాంటప్పుడు ఎన్ని వాయిదాల లెక్కలు చూపించినా ఉపయోగం లేదు, కాలేజీ ఆవరణలోని హాస్టల్‌ను అమ్మకు చూపించి రావడం ఎక్కువ పనిచేస్తుంది. అన్నయ్యకు ఇదే ప్రశ్న వచ్చినప్పుడు ఏం చేశారో గుర్తు చేయడంలో కూడా తప్పు లేదు.

6. ఎక్కువ డబ్బుతో ఏం కొంటున్నారో రాయండి.

ఖరీదైన సీటు పక్కన, అది అదనంగా ఇచ్చేవాటిని ఒక్కొక్కటిగా రాయండి: బ్రాంచి, ప్లేస్‌మెంట్, ఊరు, తోటి విద్యార్థులు. బ్రోచరు మీద ముద్రించే అత్యధిక ప్యాకేజీని పట్టించుకోవద్దు. ఆ బ్రాంచిలో ఎంతమంది చదివారు, ఎంతమందికి ఉద్యోగం వచ్చింది, వరుసలో మధ్యవాడికి వచ్చిన జీతం ఎంత అని నాలుగో ఏడు విద్యార్థులను అడగండి. ఒకే విద్యార్థికి వచ్చిన మూడు ఆఫర్లను మూడుగా లెక్కపెట్టే అలవాటు ఉంది, జాగ్రత్త. న్యాక్ అనే నాణ్యత గుర్తింపు మొత్తం కాలేజీకి, ఎన్‌బీఏ గుర్తింపు బ్రాంచికి ఇస్తారు కాబట్టి మీ బ్రాంచికి ఎన్‌బీఏ ఉందో లేదో విడిగా చూడాలి.

7. ప్రశ్నను తిరగేసి అడగండి.

నాన్నగారు ఇస్తానన్న అయిదు లక్షలు ఇప్పటికే మీ పేర బ్యాంకులో ఉన్నాయనుకోండి. రేపు ఉదయం బ్యాంకుకు వెళ్లి, ఆ డబ్బు తీసి, ఖరీదైన కాలేజీ కౌంటర్లో మీ చేత్తోనే కడతారా? కడతాను అని వెంటనే అనిపిస్తే ఆ సీటు మీకు అంత విలువైనదే. చేయి ఆగితే, ఇన్నాళ్లూ ఇతరుల డబ్బు అన్న ధైర్యంతో ఆ కాలేజీని కోరుకున్నారని తెలుస్తుంది. తల్లిదండ్రులు కూడా ఇదే పరీక్ష పెట్టుకోవాలి: పిల్ల ఏ కాలేజీలో చేరినా ఆ అయిదు లక్షలు ఇచ్చేవారేనా, లేక ఆ డబ్బు ఆమె తమ దగ్గరే ఉండాలన్న కోరికకు కడుతున్న వెలా?

8. ఒప్పుకున్నది రాసుకుని, తర్వాతే వెబ్ ఆప్షన్లు పెట్టండి.

మొత్తం, తేదీ, ఖాతా, షరతు నాలుగు వరుసల్లో రాయండి. షరతులో మార్కుల మాట ఉంటే ఎంత సీజీపీఏ (మార్కుల సగటు), ఏ సెమిస్టరు దాకా అన్నది స్పష్టంగా ఉండాలి. వెబ్ ఆప్షన్లు అంటే కౌన్సెలింగ్‌లో మీరు ఆన్‌లైన్‌లో ఇచ్చే కాలేజీల, బ్రాంచిల వరుస; అందులో ర్యాంకుకు అందే మొదటి సీటునే కేటాయిస్తారు. ఇంట్లో మాట తేలకముందే ఆప్షన్లు పెట్టేసి తర్వాత బాధపడేవారిని ఏటా చూస్తున్నాను.

తరచూ జరిగే పొరపాట్లు

నెలవాయిదాను పిల్లలు కట్టుకుంటారులే అని పెద్దలు, నాన్న చూసుకుంటారులే అని పిల్లలు అనుకోవడం మొదటిది. వాయిదా పక్కన ఎవరు కడతారో పేరు రాయండి. ఒక సీటులో చేరి ఇంకో సీటు కోసం ఎదురుచూస్తూ ఫీజు వాపసు గడువు దాటించుకోవడం రెండోది. 2018లో విశ్వవిద్యాలయాల గ్రాంట్ల సంఘం (యూజీసీ) ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం ప్రవేశాల చివరి తేదీకి 15 రోజుల ముందు వదులుకుంటే ఫీజు మొత్తం దాదాపుగా తిరిగి రావాలి, చివరి తేదీ దాటి 30 రోజులైతే ఏమీ రాదు. ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీ అట్టిపెట్టుకోకూడదు. ఫీజు వాపసు అడిగేటప్పుడు ఆ ఏటి ఉత్తర్వును చేతిలో పెట్టుకుని వెళ్లండి. మూడోది, పక్కింటివాళ్ల అబ్బాయి లెక్కను మన లెక్కగా తీసుకోవడం. వాళ్ల ర్యాంకు, ఆదాయం, చీటీ వేరు.

ఎలా సరిచూసుకోవాలి

మీరు అడిగి తెలుసుకున్న మధ్యవాడి జీతాన్ని తీసుకోండి. ఏడాదికి 4 లక్షల ప్యాకేజీ అంటే నెలకు 33 వేలు, పీఎఫ్ వంటివి పోగా చేతికి వచ్చేది అంతకంటే తక్కువ. నెలవాయిదా అందులో మూడో వంతు దాటితే ఆ సీటు మీకు బరువే. పై లెక్కలో 8,800 సర్దుకోవచ్చు, 16,400 సర్దుకోలేరు. అంటే ఆ ఇంటి నిర్ణయం చీటీ మీద ఆధారపడి ఉంది. కాబట్టి చీటీ రాకపోతే ఏం చేస్తారన్న వరుసను కూడా కాగితం మీద చేర్చాలి. తర్వాత ఒక్కో అంకెనూ కొంచెం చెడగొట్టి చూడండి: వడ్డీ ఒక శాతం పెరిగితే, ఉద్యోగం ఆరు నెలలు ఆలస్యమైతే నిర్ణయం మారుతుందా? మారితే ఆ ఒక్క అంకెనే ఇంకా గట్టిగా విచారించండి.

చివరిగా రెండు కాలేజీలకూ పనిదినాన, ముందుగా చెప్పకుండా వెళ్లి, మధ్యాహ్నం రెండింటికి ల్యాబుల్లో ఎవరున్నారో చూసి రండి. కాగితాన్ని టెన్త్ మెమో, ఇంటర్ మెమో ఉన్న ఫైల్లోనే పెట్టండి. రెండో ఏడు ఫీజు కట్టే ముందు దాన్ని తీసి, మొదటి ఏడు నిజంగా అయిన ఖర్చును పక్కన పెన్సిలుతో వేసుకుంటే, మిగిలిన మూడేళ్లకు ఎంత సర్దుకోవాలో అప్పుడే తెలుస్తుంది.